మూడో పిలుపు

నజీమా ఇరవై ఆరేళ్ళపాటు మనుషుల పేర్లు పిలిచింది. అదే ఆమె ఉద్యోగం. రేవులపాడు మునసబు కోర్టులో ఆమె అటెండరు. కేసు నంబరు రాగానే బెంచి క్లర్కు కాగితం మీద పేరు చూపించేవాడు. ఆమె వరండాలోకి వచ్చి, రెండో స్తంభం పక్కన నిలబడి, రోడ్డు వైపు ముఖం పెట్టి ఆ పేరు మూడుసార్లు పిలిచేది. మనిషి వస్తే లోపలికి పంపేది. రాకపోతే గుమ్మంలో నిలబడి "పలకలేదండి" అని చెప్పేది. జడ్జిగారు ఆ మాట రాసుకునేవారు. ఆ ఒక్క మాట మీద కొందరి పొలాలు పోయాయి, కొందరి మీద వారెంట్లు పుట్టాయి.

ఆ ఉద్యోగం ఆమెకి తండ్రి నుంచి వచ్చింది. అలీ అదే స్తంభం పక్కన ఇరవై రెండేళ్ళు పిలిచి, సర్వీసులో ఉండగానే గుండె ఆగి పోయాడు. కొడుకులు లేరు. ఇంటర్ తప్పి ఇంట్లో ఉన్న నజీమాకి ఆ పోస్టు ఇచ్చారు. ఆడగొంతు రోడ్డు దాకా ఏం వినపడుతుందని కొందరు ప్లీడర్లు గొణిగారు. వారం తిరక్కుండా ఆ గొణుగుడు ఆగిపోయింది. ఆమె పిలిస్తే కాలవ అవతల టీ కొట్టులో కూర్చున్నవాళ్ళు గ్లాసు కింద పెట్టి లేచి వచ్చేవాళ్ళు. ఇంట్లోనూ ఆమెకి గట్టిగా మాట్లాడటమే అలవాటు. భర్త అఫ్రాజ్ విజయవాడ ఆటోనగర్‌లో లేతు మిషను మీద పనిచేసి చేసి సగం చెవుడు తెచ్చుకున్నాడు.

రేవులపాడు ఉయ్యూరు దాటాక కరకట్ట వైపు తిరిగే దారిలో ఉంటుంది. ఇప్పుడు చూస్తే ఒక పెద్ద వీధి, రెండు ఎరువుల కొట్లు, ఒక పెట్రోలు బంకు. కానీ ఒకప్పుడు అది అరవై మూడు గ్రామాలకి కోర్టు ఊరు. బెజవాడ దగ్గర ఆనకట్ట కట్టి, కాలవలు తవ్వి, పొలాలకి నీళ్ళు పారించిన తర్వాత ఆ నీళ్ళతోపాటే తగాదాలూ వచ్చాయి. వంతు నీళ్ళ తగాదా, గట్టు తగాదా, అన్నిటికంటే ఎక్కువగా లంక భూముల తగాదా. కృష్ణ ఏటేటా ఒక ఒడ్డు కోసి ఇంకో ఒడ్డున మేట వేస్తుంది. ఈ ఏడు ఉన్న పొలం పై ఏటికి ఉండదు. లేని పొలం పుట్టుకొస్తుంది. పుట్టినదాన్ని ఎవరిదని తేల్చడానికి రేవు పక్కన ఒక పెంకుటి బంగళాలో మునసబును కూర్చోబెట్టారు. మొదటి మునసబు పడవ మీద వచ్చేవాడట. దావా నడుస్తుండగానే దావాలోని భూమి ఏట్లో కలిసిపోయిన కేసులు రికార్డు గదిలో కట్టలు కట్టలుగా ఉండేవి.

వరండా గోడకి ఒక చెక్క బోర్డు ఉండేది. కోర్టు పరిధిలోని అరవై మూడు ఊళ్ళ పేర్లు దాని మీద తెల్ల రంగుతో రాసి ఉండేవి. అందులో మూడు ఊళ్ళు ఇప్పుడు లేవు, నది అడుగున ఉన్నాయి. ఎవరూ ఆ పేర్లు కొట్టేయలేదు. తెలియక ఆ ఊరి చిరునామాతో సమను పంపితే, "ఊరు కనపడలేదు" అని వెనక రాసి తిప్పి తెచ్చేవాడు సమన్లు పట్టుకెళ్ళే కోర్టు అమీనా. కొత్తగా వచ్చిన జడ్జిలు అది చదివి నవ్వేవారు. పాతవాళ్ళు నవ్వేవారు కాదు.

నజీమా చిన్నప్పుడు ఒకరోజు తండ్రి కోర్టు నుంచి వచ్చి అన్నం ముందు కూర్చుని ముద్ద కలపకుండా ఉండిపోయాడు. ఏమైందని అడిగితే చెప్పాడు.

"నీళ్ళలో పోయినోళ్ళ పేరు పిలిచిన రోజు నాకు అన్నం సయించదు బేటీ. మూడోసారి పిలిచాక కాలవ వైపు చూడకూడదు. నా ముందు పనిచేసినాయన చెప్పాడు నాకు. వినపడినా విననట్టే లోపలికి వచ్చేయాలి."

"ఏం వినపడుద్ది అబ్బా?"

అలీ పళ్ళెం జరిపేసి లేచిపోయాడు.

కొత్త కోర్టులు వచ్చినకొద్దీ రేవులపాడు కింద ఊళ్ళు తగ్గుతూ వచ్చాయి. అరవై మూడు కాస్తా నలభై, నలభై కాస్తా పదిహేడు అయ్యాయి. కేసులు పలచబడ్డాయి. వానాకాలంలో పెంకులు రాలి జడ్జిగారి బల్ల మీద పడేవి. 2024 వేసవిలో ఉత్తర్వు వచ్చింది. రేవులపాడు కోర్టుని విజయవాడ కోర్టుల్లో కలిపేస్తున్నారు. జడ్జిగారు ముందే బదిలీ మీద వెళ్ళిపోయారు. ప్లీడర్లు బోర్డులు పీక్కున్నారు. రికార్డులు కట్టి లారీ ఎక్కించడానికి సూపరింటెండెంట్ జయంత్, నజీమా ఇద్దరే మిగిలారు. జూన్ నెలాఖరుకి అంతా ఖాళీ చేయాలి.

ఆ జూన్ మొదటి వారంలో, వడగాలి కొడుతున్న ఒక ఉదయం పదకొండు గంటలకి, నజీమా రికార్డు గదిలోంచి బయటికి వచ్చేసరికి వరండా బెంచీ మీద ఒక మనిషి కూర్చుని ఉన్నాడు. యాభై దాటిన వయసు. తెల్ల చొక్కా, మడమల పైకి కట్టిన లుంగీ. చేతులు రెండూ మోకాళ్ళ మీద పెట్టుకుని, లోపలికి పిలుస్తారని ఎదురుచూసేవాళ్ళు ఎలా కూర్చుంటారో అలా కూర్చున్నాడు.

"ఎవరండీ? కోర్టు లేదండి ఇక్కడ. కేసులన్నీ విజయవాడ వెళ్ళిపోయాయి," అంది నజీమా.

"తెలుసండి. నా పేరు ఇంకా పిలవలేదు," అన్నాడు. ఆమె ఏమీ అనకపోయేసరికి ముందుకి వంగి, "వినపడిందా అండి?" అని అడిగాడు.

"వినపడింది. కేసు నంబరు చెప్పండి, చూస్తాను."

"ఓఎస్ నూట పన్నెండు, రెండువేల పదహారు."

ఆమె లోపలికి వెళ్ళి కట్ట వెతికింది. తీర్పయిపోయిన కేసుల్లో ఉంది. దుమ్ము దులిపి పై కాగితం చదివింది. వాది, లంకపల్లి రావమ్మ, తాడిగట్టు గ్రామం. ప్రతివాది, లంకపల్లి వెంకటప్పయ్య, రావమ్మ భర్త. వరదలో కొట్టుకుపోయి ఏడేళ్ళు దాటినా జాడ లేని తన భర్త చనిపోయినట్టు ప్రకటించమని ఆమె కోరింది. కోర్టు ప్రకటించింది. డిక్రీ అడుగున 2017 ఏప్రిల్ నాటి సంతకం ఉంది.

ఆ కేసు నజీమాకి గుర్తు చేయనక్కర్లేదు. ఏడేళ్ళుగా అది ఆమెలోనే ఉంది.

కాగితాలు పట్టుకుని వరండాలోకి వచ్చింది. బెంచీ ఖాళీగా ఉంది. మూలనున్న మంచినీళ్ళ కుండ మీద బోర్లించిన గ్లాసు తడిగా ఉంది. గేటు దాకా వెళ్ళి చూసింది. రోడ్డు అటూ ఇటూ ఎండలో కాగుతోంది. మనిషి పురుగు లేదు. అప్పుడే జయంత్ స్కూటరు మీద వచ్చాడు.

"ఎవరైనా ఎదురొచ్చారా సార్?"

"ఈ ఎండలో ఎవరొస్తారు నజీమమ్మా? కుక్క కూడా కనపడలేదు."

ఆ మధ్యాహ్నం ఆమె పని చేయలేకపోయింది.

2009 అక్టోబరు వరద అది. తాడిగట్టు ఎదురుగా నదిలో పొన్నలంక ఉంది. అక్కడి అరటి తోటలో ఉన్న గేదెల్ని తోలుకురావడానికి వెంకటప్పయ్య, అతని తమ్ముడు కిరీటి వెళ్ళారు. మళ్ళీ రాలేదు. మూడో రోజు దిగువన ఇసుక మేట మీద కిరీటి శవం దొరికింది. అన్న దొరకలేదు. పొలం పాస్‌పుస్తకం వెంకటప్పయ్య పేరు మీద ఉంది. చావు సర్టిఫికెట్టు లేనిదే రావమ్మకి ఏ ఆఫీసులోనూ కాగితం కదల్లేదు. చివరికి ప్లీడరు దావా వేయించాడు. తప్పిపోయిన మనిషినే ప్రతివాదిగా చూపించి, ఫలానా రోజు హాజరు కావాలని పేపర్లో ప్రకటన వేశారు. ఆ రోజు వచ్చింది. మిట్టమధ్యాహ్నం కేసు పిలుపుకొచ్చింది. రావమ్మ లోపల కిటికీ పక్కన నిలబడి ఉంది.

నజీమా వరండాలో నిలబడి "లంకపల్లి వెంకటప్పయ్యా" అని పిలిచింది. నిశ్శబ్దం. రెండోసారి పిలిచింది. కాలవ గట్టు మీద తుమ్మచెట్టు కూడా కదల్లేదు. మూడోసారి పిలిచింది.

"ఉన్నానండి."

కాలవ వైపు నుంచి వచ్చింది ఆ మాట. గట్టిగా లేదు. గొంతు చాలాకాలం వాడని మనిషి మాటలా ఉంది. ఆమె మెడ అటు తిరగబోయి ఆగిపోయింది. తండ్రి అన్న మాట గుర్తొచ్చింది. అటు చూడలేదు. తిన్నగా గుమ్మంలోకి వెళ్ళి నిలబడి, "పలకలేదండి" అంది. జడ్జిగారు రాసుకున్నారు.

ఆ సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు. కానీ ఆ రోజు నుంచి ఎవరి పేరు పిలిచినా వెంటనే లోపలికి వచ్చేది కాదు. కొంతసేపు అక్కడే నిలబడి వినేది. టైం అవుతోందని బెంచి క్లర్కులు విసుక్కునేవాళ్ళు.

ఏడేళ్ళ తర్వాత ఆ సాయంత్రం మొదటిసారి భర్తకి చెప్పింది. అఫ్రాజ్ ఆమె పెదాల వైపే చూస్తూ విన్నాడు.

"ఏమంది ఆ గొంతు?"

"ఉన్నానండి అంది."

"మరి ఉన్నోణ్ణి లేడని చెప్పావా?"

"నీళ్ళలో పోయినాయన కదండీ. నాకు భయమేసింది."

"దయ్యాలు కేసు నంబరు గుర్తుపెట్టుకుంటాయా? మళ్ళీ వస్తే పారిపోమాక. కూర్చోబెట్టి అడుగు," అన్నాడు.

మూడు రోజుల తర్వాత ఆయన మళ్ళీ వచ్చాడు. అదే వేళకి, అదే బెంచీ మీద. నజీమా గ్లాసుతో నీళ్ళు తెచ్చి ఇచ్చింది. ఇచ్చేటప్పుడు కావాలనే ఆయన వేళ్ళు తగిలేలా ఇచ్చింది. వేళ్ళు వెచ్చగా, గరుగ్గా ఉన్నాయి. ఆమెకి ఊపిరి ఆడింది. స్టూలు లాక్కుని ఎదురుగా కూర్చుంది.

"వెంకటప్పయ్యగారేనా మీరు?"

"ఆ పేరే అండి. ఇన్నాళ్ళూ వేరే పేరుతో ఉన్నాను."

ఆయన చెప్పడం మొదలుపెట్టాడు. రెండు మూడు మాటలకోసారి "వినపడిందా అండి?" అని ఆగేవాడు. ఆమె అవునంటేనే ముందుకి సాగేవాడు.

"తెల్లారేసరికి అరటి తోట మునిగిపోయిందండి. మోటారు షెడ్డు మీదకి ఎక్కాం. అదీ కూలిపోయింది. ఒక కొబ్బరిచెట్టు మొదలు దొరికితే ఒక చేత్తో అది పట్టుకుని, రెండో చేత్తో వాణ్ణి పట్టుకున్నాను. చాలాసేపు పట్టుకున్నానండి. వాడు బరువైపోయాడు. జారిపోలేదు. నేనే వదిలేశాను." ఆయన తన కుడి అరచేతిని చూసుకున్నాడు. "వదిలేటప్పుడు నా ముఖం వైపు చూశాడు వాడు. వినపడిందా అండి?"

"వినపడింది."

దిగువన చేపలవాళ్ళు ఆయన్ని ఒడ్డుకి లాగారు. ఇంటికి వెళ్ళే దారి తెలుసు. వెళ్ళలేకపోయాడు. తల్లికి ఏం చెప్పాలో తెలియలేదు. నడుచుకుంటూ కైకలూరు వైపు పోయి, చేపల చెరువుల దగ్గర కాపలాకి కుదిరాడు. ఎవరైనా పేరు అడిగితే నోటికొచ్చిన పేరు చెప్పాడు. చెరువు గట్టు మీద గుడిసెలో ఏళ్ళు గడిచాయి. ఒకరోజు పునుగులు పొట్లం కట్టి ఇచ్చిన పేపరు ముక్కలో తన పేరు కనపడింది.

"'పై కేసులో ప్రతివాది అయిన మీరు స్వయంగా హాజరు కావలెను' అని ఉందండి. నాతోనే మాట్లాడింది ఆ కాయితం. అన్నేళ్ళలో నా సొంత పేరుతో నన్ను పలకరించింది అదొక్కటే. రెండు బస్సులు మారి వచ్చాను. రోడ్డు మీద నుంచి రావడానికి ముఖం చెల్లలేదు. కాలవ గట్టెంట వచ్చి, అదిగో, ఆ గోడ పడిపోయిన చోట, రేవు మెట్ల దగ్గర నిలబడ్డాను. మీరు మొదటిసారి పిలిచారు. నోరు రాలేదు. రెండోసారీ రాలేదు. మూడోసారి పలికాను." ఆయన హాలు కిటికీ వైపు చూశాడు. "మా ఆవిడ కిటికీ పక్కనే ఉంది. తల తిప్పలేదు. మీరూ తిప్పలేదు. ఒక్కళ్ళు కూడా నా వైపు చూడలేదండి. అప్పుడు నాకు అనుమానం వచ్చింది. ఆ రోజు ఏట్లో నేను కూడా పోయానేమో, నాకే తెలియలేదేమో అని. తిరిగి చెరువుల దగ్గరికే పోయాను."

వరండాలో ఇద్దరే ఉన్నారు. బయట వడగాలికి గేటు తలుపు కొట్టుకుంటోంది.

"ఆ అనుమానం ఇంకా పోలేదండి. కొన్ని రోజులు బాగానే ఉంటాను. ఏ బస్సు కండక్టరో టికెట్టు అడక్కుండా నన్ను దాటి వెళ్ళిపోతే మళ్ళీ మొదలవుద్ది. కోర్టు ఎత్తేస్తున్నారని పేపర్లో చూశాను. నా పేరు పిలిచింది ఇక్కడే కదా. ఇది పోతే ఇంక ఎక్కడ పలకను? మీరు ఒక్కసారి పిలవండి. నేను పలుకుతాను. విన్నానని చెప్పండి, చాలు. కాయితం మీద రాయక్కర్లేదు."

నజీమా కొంగు చివర వేలికి చుట్టుకుంది, విప్పింది. "నేను విన్నానండి," అంది.

"ఏంటండీ?"

"ఆ రోజు. మీ మాట నాకు వినపడింది. విని కూడా పలకలేదని చెప్పాను."

ఆయన నవ్వాడు. ఆ నవ్వు చూసి నజీమాకి ఆయన తిడితే బాగుండునని అనిపించింది.

"అయితే ఉన్నానన్నమాట," అన్నాడు మెల్లగా.

ఆమె లేచి నిలబడింది. "ఇవాళ పిలవనండి. మీ ఇంటావిడ వినాలి. ఆమె లేకుండా పిలిస్తే అది పిలుపే కాదు. కోర్టు చివరి రోజు ఇరవై ఎనిమిది. ఆ రోజు మధ్యాహ్నం పన్నెండుకి రండి. వస్తారుగా?"

"వాయిదా ఇచ్చినట్టేగా అండి. వస్తాను."

ఆదివారం నజీమా తాడిగట్టు వెళ్ళింది. రావమ్మ పెరట్లో చాప మీద మామిడి తాండ్ర ఎండబెడుతోంది. కొడుకు లక్ష్మీకాంత్ పొలం వెళ్ళాడు. కోర్టులో పేర్లు పిలిచే ఆవిడని రావమ్మ వెంటనే గుర్తుపట్టింది. పీట వేసి, మజ్జిగ ఇచ్చి, మళ్ళీ తాండ్ర దగ్గర కూర్చుంది. నజీమా మజ్జిగ ఒక గుక్క తాగి మొదలుపెట్టింది.

"ఆ రోజు మీ ఆయన పేరు నేను మూడోసారి పిలిచాక..."

"ఉన్నానండి అన్నాడు," అంది రావమ్మ.

నజీమా మజ్జిగ గ్లాసు కింద పెట్టింది. రావమ్మ తల ఎత్తకుండా మాట్లాడింది.

"నా మొగుడి గొంతు నేను పోల్చుకోలేనా అమ్మా? నన్ను తీసుకెళ్ళటానికి వచ్చాడనుకున్నా. తిరిగి చూస్తే పిల్లాణ్ణి వదిలేసి నేనూ ఆ నీళ్ళలోకి పోతానేమోనని కిటికీ ఊచ పట్టుకుని నిలబడ్డా. నువ్వొచ్చి పలకలేదన్నావు. సరే, నా ఒక్కదానికే వినపడిందనుకున్నా. ఇన్నేళ్ళూ అదే అనుకున్నా."

"నేనూ అదే అనుకున్నానండి. నా ఒక్కదానికే అని."

ఎండ నెత్తి మీదకి వచ్చింది. చాప చుట్టూ ఈగలు ముసురుతున్నా రావమ్మ తోలలేదు. నజీమా వచ్చిన పని చెప్పింది. మనిషి బతికే ఉన్నాడని, వస్తాడని చెప్పింది. కిరీటి చెయ్యి సంగతి మాత్రం చెప్పలేదు. అది చెప్పాల్సింది ఆయనే. రావమ్మ ఏడవలేదు. లేచి ఇంట్లోకి వెళ్ళి, గోడ మీద దండ వేసి ఉన్న ఫోటో ముందు నిలబడింది. కాసేపు చూసి, దండ తీయకుండానే తిరిగి వచ్చింది.

"వస్తాను. పిల్లాడికి ఇప్పుడే చెప్పను. ముందు నేను చూడాలి," అంది.

ఇరవై ఎనిమిదో తేదీ పొద్దున్నే లారీ వచ్చింది. కట్టలన్నీ ఎక్కించేసరికి పదకొండున్నర అయింది. ఖాళీ గదుల్లో అడుగు వేస్తే ఇంకెవరో వెనక నడుస్తున్నట్టు మోగుతోంది. నజీమా చెప్పింది విని జయంత్ కంగారు పడ్డాడు.

"కోర్టు లేదు, జడ్జిగారు లేరు. ఏ అధికారంతో పిలుస్తావమ్మా? రేపు ఎవరైనా కాగితం పెడితే నా ఉద్యోగం కూడా పోద్ది."

"పిలవటం వరకే సార్. ఇంకేం అడగను మిమ్మల్ని."

పన్నెండు గంటలకి రావమ్మ వచ్చింది. లోపల ఖాళీ హాల్లో, ఆ రోజు నిలబడిన కిటికీ పక్కనే నిలబడింది. ఎవరూ అలా నిలబడమని చెప్పలేదు. వెంకటప్పయ్య జాడ లేదు. పన్నెండుంపావు అయింది. రాడేమోనని నజీమా గేటు దాకా వెళ్ళి చూసింది. అయినా స్తంభం పక్కకి వచ్చి పిలిచింది. మొదటి పిలుపు ఖాళీ గదుల్లో తిరిగి వెనక్కి వచ్చింది. రెండో పిలుపుకీ జవాబు లేదు. లారీ దగ్గర తాడు బిగిస్తున్న జయంత్ చెయ్యి ఆపి అటే చూస్తున్నాడు. మూడోసారి పిలిచింది.

"ఉన్నానండి."

కాలవ వైపు నుంచే. అదే గొంతు. ఈసారి నజీమా తిరిగి చూసింది. గోడ పడిపోయిన చోట, రేవు మెట్ల మీద ఆయన నిలబడి ఉన్నాడు. కిటికీలోంచి రావమ్మ కూడా చూసింది. ఊచలు రెండు చేతులతో పట్టుకుని, కళ్ళార్పకుండా చూసింది.

"వినపడిందా అండి?" అని ఆయన అక్కడి నుంచే అడిగాడు.

నజీమా నోరు తెరిచేలోపే "వినపడిందండీ," అని లారీ దగ్గర నుంచి జయంత్ గట్టిగా అన్నాడు.

రావమ్మ బయటికి వచ్చింది. ఆయన గోడ దాటి వచ్చి ఆమెకి నాలుగడుగుల దూరంలో ఆగాడు. ముందుగా తమ్ముడి సంగతి చెప్పాడు. చెయ్యి తనే వదిలానని, జారిపోలేదని అందరి ముందూ చెప్పాడు. రావమ్మ మొత్తం వింది.

"అత్తయ్య పోయే రోజు దాకా ఏటి వైపే చూసింది. ఇది ఆవిడకి చెప్పాల్సిన మాట. నాకు చెప్పి ఏం లాభం?" అంది. గేటు వైపు తిరిగి, "ఇంటికి రండి. అన్నం తినండి. ఉండిపోమని మాత్రం ఇప్పుడే చెప్పలేను," అని ముందు నడిచింది. ఆయన ఆమె వెనక పది అడుగుల దూరంలో నడిచాడు. ఆమె రెండుసార్లు వెనక్కి తిరిగి, వస్తున్నాడో లేదో చూసింది.

బతికున్న మనిషి బతికున్నాడని కాగితం తెచ్చుకోవడానికి ఎనిమిది నెలలు పట్టింది. విజయవాడలో ఫిన్నీ అనే లాయరమ్మ కేసు వేసింది. ఆ రోజు ప్రతివాది పలికాడని, తాను విని కూడా పలకలేదని చెప్పానని నజీమా ప్రమాణపత్రం రాసి సంతకం చేసింది. జయంత్ ముందే హెచ్చరించాడు. "ఇది నీ మెడకి చుట్టుకుంటది నజీమమ్మా. మనిషి ఎదురుగా ఉన్నాడు, నీ కాగితం లేకపోయినా కేసు గెలుస్తారు." ఆమె వినలేదు.

ఈలోగా వెంకటప్పయ్య తాడిగట్టులోనే, పశువుల పాక పక్క గదిలో ఉన్నాడు. లక్ష్మీకాంత్ మొదట్లో తండ్రితో మాట్లాడలేదు. డిక్రీ వచ్చినప్పటి నుంచి ఏటా అక్టోబరులో ఆ తిథి నాడు బాబాయికి, తండ్రికి కలిపి తద్దినం పెడుతున్నాడు అతను. ఆ ఏడు తిథి వచ్చింది. పురోహితుడు దర్భలు చేతిలో పట్టుకుని రెండో పేరు సంగతి ఏం చేయాలో తెలియక ఆగిపోయాడు. అరుగు మీద కూర్చున్న వెంకటప్పయ్యే అన్నాడు. "నా పేరు తీసేయండి. వాడి పేరొక్కటే చదవండి. కాస్త గట్టిగా చదవండి." పురోహితుడు గట్టిగానే చదివాడు. చదివినంతసేపూ వెంకటప్పయ్య తల ఏటి వైపు తిప్పి, ఎవరో పలుకుతారన్నట్టు వింటూ కూర్చున్నాడట. ఆ మాట రావమ్మ నజీమాకి ఫోనులో చెప్పింది. ఆ సాయంత్రం లక్ష్మీకాంత్ పాక దగ్గరికి వెళ్ళి, "నాన్నా, లోపలికి రా," అని పిలిచాడు.

జయంత్ చెప్పినట్టే ఫిబ్రవరిలో నజీమా మీద విచారణ జరిగింది. విచారణాధికారి మర్యాదస్తుడు. అన్నీ నెమ్మదిగా అడిగాడు. ఎందుకు అబద్ధం చెప్పారని అడిగితే భయంతో అని చెప్పింది. దేనికి భయమని అడిగితే తండ్రి మాట చెప్పింది. ఆయన అది రాసుకోలేదు.

"ఇది తప్ప, సర్వీసు మొత్తంలో ఇంకెప్పుడైనా పలికిన మనిషిని పలకలేదని చెప్పారా?" అని అడుగుతూనే, జవాబు తెలిసినట్టు 'లేదు' అని రాయబోయాడు.

నజీమా చెయ్యి అడ్డం పెట్టింది. ఇరవై ఆరేళ్ళలో ఆమె పిలిచిన పేర్లు ఎన్నో. వానలో పిలిచినవి, లారీ హారన్ల మధ్య పిలిచినవి, ఇంట్లో పిల్లకి జ్వరంగా ఉందని తొందరలో పిలిచినవి. వాటిలో ఎన్నిటికి జవాబు వచ్చిందో, ఎన్నిటికి తను ఆగకుండా లోపలికి వచ్చేసిందో గుర్తు రాలేదు.

"తెలియదు అని రాయండి సార్," అంది.

ఆయన అలాగే రాశాడు.

ఏప్రిల్‌లో ఉత్తర్వు వచ్చింది. రెండు ఇంక్రిమెంట్లు ఆపారు. ఇకపై పేర్లు పిలిచే పని ఇవ్వకూడదని, రికార్డుల్లో వేయాలని రాశారు. ఇప్పుడామె విజయవాడలో, ఫ్యాను సరిగ్గా తిరగని ఒక గదిలో, రేవులపాడు నుంచి వచ్చిన కట్టల మధ్య కూర్చుంటుంది. పని అయిపోయాక ఒక్కో కట్టా విప్పి, తన కాలంలో 'పలకలేదు' అని రాసి ఉన్న ప్రతి పేరునీ, ఊరినీ ఒక నోటు పుస్తకంలోకి ఎక్కిస్తోంది. ఇప్పటికి రెండు వందల పదిహేడు అయ్యాయి. సెలవు రోజుల్లో అఫ్రాజ్‌ని తోడు తీసుకుని బస్సెక్కి ఆ ఊళ్ళకి వెళుతోంది. వీధి మొదట్లో కనపడినవాళ్ళని ఆపి, ఆ పేరు చెప్పి, మనిషి ఉన్నాడా అని అడుగుతోంది.